ఆకులో జరిగిన స్థానాంతరణం

1994 జూలై 11న, వాన ఆగీ ఆగని ఒక సోమవారం, శ్రీమతి వరహాలమ్మ గారు బస్తర్ అడవుల్లోని దోర్నపాల్‌లో ఉన్న మా పాఠశాలలో జీవశాస్త్ర అధ్యాపకురాలిగా పదవీ బాధ్యతలు స్వీకరించారు. కిరండూల్ ఇనుప గని కాలనీలో పుట్టి పెరిగిన వారు పాఠాన్ని హిందీలో చెప్పి, తెలుగులో విడమరచి, ఇక్కడి గిరిజనుల దోర్లీ భాషలో పిల్లలను నవ్వించేవారు.

2011లో, ఏళ్ల తరబడి కోరుకున్న బదిలీ వారికి కిరండూల్‌కే మంజూరైంది. భర్త నవీన్‌కుమార్ గారు, చిన్నపాప అక్కడే ఉండేవారు. అయితే వరహాలమ్మ గారు వెళితే జీవశాస్త్రం చెప్పేవారు లేక ఇక్కడి విజ్ఞాన విభాగమే మూతపడేది. అందుకే ఆ సంగతి పైకి చెప్పడానికి వారికి నోరు రాలేదు.

ఆ వారమే కిరణజన్య సంయోగక్రియ పాఠం. కెరోటినాయిడ్ అనే పసుపు వర్ణకం నుంచి పత్రహరితానికి శక్తి చేరే తీరును చెబుతూ, బల్లపై హిందీలో "ఊర్జా స్థానాంతరణ్" అని రాశారు. మా ఆఫీసుల్లో ఉద్యోగి బదిలీకీ అదే మాట. ఆలస్యంగా వచ్చి చివరి మాట మాత్రమే చూసిన శిరీష అనే విద్యార్థిని ఏడుస్తూ ఇంటికి పరుగెత్తింది. మధ్యాహ్నానికి ఆమె తల్లి సోమక్క తరగతి గుమ్మంలో నిలబడింది.

"ఏంది మేడమ్, పోతున్నవంట?"

"పోయేది నేను కాదు సోమక్కా, ఆకులో వెలుగు. పత్రహరితం సరిగా పట్టలేని వెలుగును పసుపు రంగు పట్టి, దానికి అందిస్తుంది."

"ఆకుది సరే. నీది చెప్పు."

వరహాలమ్మ గారికి అబద్ధం రాలేదు. "నాదీ వచ్చింది" అన్నారు.

"మరి గా పసుపు రంగు లేకుంటే ఆకుకేమైతది?"

"ఎండ ఎక్కువైతే ఆకు తట్టుకోలేదు. మిగులు వెలుగును వేడిగా వదిలేసి కాపాడేదీ అదే."

"ఇగ నువ్వే చెప్తివి గదా!" అంటూ సోమక్క అక్కడే చతికిలబడింది.

సాయంత్రం ఫోనులో ఇదంతా విన్న నవీన్‌కుమార్ గారు, "ఆకులన్నీ అక్కడే ఉన్నాయేటి? నేనూ పాపా మోడులమా?" అని నవ్వారు. పాప నిద్రపోయాక తనే మళ్లీ ఫోను చేశారు. "సరే, ఉండు" అన్నారు చివరికి. వరహాలమ్మ గారు బదిలీ రద్దు చేయించుకున్నారు.

విభాగం నిలిచింది. శిరీష నేడు సుక్మాలో నర్సు. మేమంతా భగవంతుడి దయ అనుకున్నాం. ఆ దయకు వెల చెల్లించింది ఎవరని మాత్రం మాలో ఒక్కరూ కిరండూల్ వెళ్లి అడగలేదు. అడగవలసిందేమో. ఆలస్యంగానైనా ఆ తండ్రీకూతుళ్లకు చేతులెత్తి నమస్కరిస్తున్నాం.

నేడు పదవీ విరమణ చేసి కిరండూల్ చేరుతున్న వరహాలమ్మ గారు, దంతేశ్వరి తల్లి కరుణతో, ఆ ఇంట సెలవుకు వచ్చిన మనిషిలా కాక, ఇంటి మనిషిగా, చక్కని ఆరోగ్యంతో నూరేళ్లూ నిండుగా జీవించాలని కోరుకుంటున్నాం.