సర్ ఆంబ్రోస్ సమాధి మీద కొట్టేసిన మాట

లండన్‌లో పేరుమోసిన జడ్జి సర్ ఆంబ్రోస్ చనిపోయిన నెల రోజులకి, ఆయన సమాధి రాయి చెక్కే మేస్త్రీ దాని మీద చెక్కాల్సిన మాటల కాగితం పట్టుకుని జడ్జిగారి భార్య దగ్గరికి వెళ్ళాడు.

“అమ్మగారూ, ‘దయామయుడు’ అన్న మాట కొట్టేశారేంటి? లాయర్లంతా కలిసి రాసిచ్చారు కదా!”

“వాళ్ళకేం, వాళ్ళు ఆయనతో కాపురం చెయ్యలేదు.”

“ఆయన తీర్పులు దేశమంతా చదువుతారటగా?”

“చదువుతారు. ఒకసారి చెప్పిన తీర్పు మార్చకూడదన్న ఆయన తీర్పైతే మరీనూ. పక్కింటావిడ కోటుకి పెట్టుకునే తన నగ, బ్రోచ్, పోయిందని వాళ్ళ పనిమనిషి హెస్టర్‌ని పట్టించింది. ఈయన దానికి ఏడేళ్ళు ద్వీపాంతరం వేశాడు. తర్వాత నేను ఆవిడ కోటు అడిగి తెచ్చుకుంటే, ఆ బ్రోచ్ అస్తరులో దొరికింది.”

“అప్పటికే ఓడ వెళ్ళిపోయిందా?”

“లేదు, ఆ తర్వాత ఇంకా తొమ్మిది రోజులు థేమ్స్ నదిలోనే ఉంది. పరుగున వెళ్ళి, భోంచేస్తున్న ఈయనకి బ్రోచ్ చూపించాను. ‘ఒక పనిమనిషి కోసం నా తీర్పు తప్పని ఒప్పుకోమంటావా?’ అన్నాడు. అని, మాంసంలోకి ఆవముద్ద అడిగాడు.”

“ఛీ! మరి ఆ పిల్ల?”

“దారిలోనే జ్వరమొచ్చి పోయింది. ఆ ఏడే ఈయన పెద్ద జడ్జి అయ్యాడు.”

“మీరు బయట ఎవరికీ చెప్పలేదా, అమ్మగారూ?”

“చెప్పలేదు. ఆయనడిగిన ఆవముద్ద గిన్నె అందించాను.”

మేస్త్రీ కాగితం మడిచాడు.

“రాయి మీద నా పేరుకీ చోటు వదిలావు కదూ? దాని ముందు కూడా మంచి మాటేదీ చెక్కకు.”