బోర్డో సీసా

డాక్టర్లు చేతులెత్తేసిన శశికాంత్ కోసం ఇంట్లో మృత్యుంజయ హోమం జరిగిన రోజునే ఆ సీసా పోయింది. మర్నాడు పొద్దున, అమెరికాలో, నేపర్‌విల్ ఇంటి వంటగదిలో అతని భార్య, అక్క గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నారు.

“వదినా, అల్మారాలో ఫ్రెంచ్ వైన్ ఉండాలి. కనబడట్లేదు.”

“పంతులుగారు వచ్చేసరికి ఇంట్లో మందు ఉండకూడదని సింక్‌లో పోసేశాను. కార్క్ తీయడం రాక, గరిటె కాడతో లోపలికి పొడిచాను.”

“అంతా పోసేశారా?”

“సింక్ ఎర్రబడితే బేకింగ్ సోడా వేసి తోమాను కూడా. ఏమైందమ్మా?”

“చదువుకునే రోజుల్లో ఆయన సెలవులకి ఫ్రాన్స్‌లో బోర్డో దగ్గర ద్రాక్షతోటలో కోతకి వెళ్లారు కదా. ఆయన కోసిన పళ్లతో చేసిన వైన్ అది. తోటవాళ్లే పంపారు. ఇరవై ఏళ్లు దాచుకున్నారు. ఇందాక అడిగారు. దాంతో పెదాలు తడపొచ్చని, ఈ చివరి రోజుల్లో చూసుకోడానికి వస్తున్న హాస్పిస్ నర్స్ చెప్పింది.”

“అయ్యో నా తమ్ముడా! ఆ తోటకి ఫోన్ చెయ్యి, ఇంకోటి తెప్పిద్దాం.”

“పోయినేడు ఆయనే చేశారు. ఆయన కోతకెళ్లిన ఏడు వడగళ్లు పడి పంట సగమే వచ్చిందట. వాళ్ల దగ్గర కూడా ఒక్కటీ మిగల్లేదన్నారు.”

“అయితే వేరేది పోసి అదేనని చెప్పు. ఈ స్థితిలో వాడికేం తెలుస్తుంది?”

“వాసనకే తెలుస్తుంది. మీ చారులో ఇంగువ మారితే పట్టేసే మనిషి.”

“నేనే వాడి కాళ్ల మీద పడి చెప్తాను.”

“వద్దు వదినా. ఆయన బతకాలనే కదా చేశారు. నేను చెప్తాను.”

“ఎప్పుడు?”

“తెస్తానని చెప్పి వచ్చాను. గ్లాసు కూడా కడిగాను.”

పక్క గదిలోంచి శశికాంత్ మళ్లీ పిలిచాడు. ఇద్దరూ కదల్లేదు. అతనికి సీసా సంగతి ఇంకా ఎవరూ చెప్పలేదు.