గొడుగు ముసలమ్మ ఒక్కతే

వీడియో గేమ్ పోటీ ఫైనల్ మొదలవడానికి ఇంకా నలభై నిమిషాలుంది. స్టేజీ వెనక గదిలో ఒక టీవీ, రెండు కుర్చీలు, ఒక అన్న, ఒక చెల్లెలు.

"బాక్సర్‌ని తీసుకో అన్నయ్యా. ఒక్కసారి."

"మళ్లీ మొదలెట్టావా? గొడుగు ముసలమ్మని తప్ప ఆటలో ఇంకెవరినీ ముట్టుకోనని తెలుసుగా. తొమ్మిదేళ్ల నుంచి తెలుసుగా."

"తెలుసు కాబట్టే చెప్తున్నా. బాక్సర్ తేలిక. మూడు దెబ్బలు నేర్పిస్తాను. మూడే. నలభై నిమిషాలు చాలు."

"పెళ్లికి గంట ముందు పెళ్లికూతుర్ని మార్చమన్నట్టుంది నీ వరస."

"నవ్వించకు."

"నువ్వే నవ్విస్తున్నావు. ఈ పోటీలో ఎన్ని మ్యాచ్‌లు గెలిచాను? ఏడు. ఎవరితో?"

"ముసలమ్మతో."

"మరి? కూర్చో. కంట్రోలర్ పట్టుకో. ఫైనల్లో నా ఎదుటివాడు, ఆ ఊసరవెల్లిగాడు, మొదటి ఆటకి సైనికుణ్ణి తీస్తాడు. ఓడితే డోలు పిల్లని తీస్తాడు. ఆటకో రంగు వాడిది, ఆ పేరు ఊరికే రాలేదు. ముందు సైనికుడిగా ఆడు నాతో."

"సైనికుణ్ణి తియ్యడు."

"నీకెలా తెలుసు?"

"తియ్యడనిపిస్తోంది."

"అనిపించడమేంటి? నువ్వు 'అనిపిస్తోంది' అనే మనిషివి కాదు చిట్టీ. క్యారెక్టర్‌కి ఒకటి చొప్పున ఇరవై రెండు నోటు పుస్తకాలు రాసినదానివి."

"ఇరవై రెండు. ముసలమ్మకి మాత్రం రాయలేదు."

"దానికెందుకు? అది నా వేళ్లల్లో ఉంది."

"ఆటలో మొత్తం ఇరవై మూడు మంది. నీకొకరు, మిగతా ఇరవై రెండు మంది నాకు. ఎవరు పంచారన్నయ్యా అలా?"

"పంచడానికేముంది? ఎదుటివాడు ఎవరిని తీసినా నేను తట్టుకోవాలి. అంటే ఇంట్లో ఒకరు అందరిలాగా ఆడాలి. నీకు చెయ్యి చురుకు, నువ్వు ఆడావు. నీకూ సరదాగానే ఉండేదిగా?"

"కొత్త క్యారెక్టర్ వచ్చినప్పుడల్లా పది రోజులు అదే పనిగా నేర్చుకునేదాన్ని. పదకొండో రోజు నువ్వొచ్చి కొట్టేవాడివి. బాగా కొట్టడం వచ్చాక, 'ఇక వీడు చాలు, తరవాతవాణ్ణి నేర్చుకో' అనేవాడివి."

"ఇప్పుడివన్నీ ఎందుకే?"

"వాళ్లల్లో నాకు ఎవరిష్టం?"

"ఏంటి?"

"నాకంటూ ఇష్టమైనవాళ్లు ఎవరో చెప్పు."

"డోలు పిల్ల."

"కాదు."

"మరి... సైనికుడు. సైనికుడే! వాడితో ప్రాణం పెట్టి ఆడతావు."

"వాడంటే నీకు భయం. అందుకని వాణ్ణే ఎక్కువ ఆడించావు. వదిలెయ్. నాకే తెలీదు. నెల కిందట ఒకతను ఇదే మాట అడిగాడు."

"ఎవరతను?"

"ఎవరో ఒకరు. బాక్సర్‌ని తియ్యి."

"కంట్రోలర్ పట్టుకోమంటే కింద పెట్టేశావేంటి?"

"చెయ్యి నొప్పి."

"నొప్పీ లేదు, ఏమీ లేదు. పొద్దుట నా ఇంటర్వ్యూ చూశావు కదూ? అందుకే కోపం."

"హాల్లో పెద్ద తెర మీద వేశారు. అందరూ చూశారు. 'నేనొక్కణ్ణే సాధన చేశాను' అన్నావు."

"నన్ను చేర్చుకుంటామన్న టీమ్ వాళ్లే అలా చెప్పమన్నారు. వినడానికి బాగుంటుందట."

"నువ్వు సరేనన్నావు."

"గెలిచాక చెప్దామనుకున్నా. స్టేజీ మీదే, నిన్ను పైకి పిలిచి మరీ. ఒట్టు."

"టీమ్ కాగితాల మీద సంతకం పెట్టి ఎన్నాళ్లయింది?"

"ఏ కాగితాలు?"

"అన్నయ్యా."

"ఇంకా పెట్టలేదు. గెలిస్తేనే అన్నారు."

"ఐదు వారాలయింది. సంతకం అయ్యాక వాళ్లు ఇంటికి ఫోన్ చేశారు, టీమ్‌తో ఉండటానికి వచ్చేది ఒక్కరే కదా, గదిలో ఒక్క మంచమే వేయిస్తున్నామని. నువ్వు స్నానానికెళ్లావు. 'ఒక్కరేనండీ' అని చెప్పింది నేనే."

"ఐదు... అప్పట్నుంచీ తెలిసి కూడా రోజూ నాతో ఆడావా?"

"ఆడాను."

"చెప్పాలనే ఉంది. ఎలా చెప్పాలో... వాళ్లకి వాళ్ల సొంత మనుషులున్నారు చిట్టీ, ఒక్కో క్యారెక్టర్‌కి ఒక్కొక్కరు. ఒక్క ఏడాది ఓపిక పట్టు, నిన్ను కూడా..."

"ఓపిక గురించి నాకు చెప్పకు."

"సరే. తప్పే. రేపు తిట్టు, కొట్టు, మాట్లాడ్డం మానెయ్. ఇప్పుడు మాత్రం సైనికుడిగా ఆడిపెట్టు. అరగంటే ఉంది."

"సైనికుడు రాడన్నయ్యా! డోలు పిల్లా రాదు. అతను ఈసారి రంగులు మార్చడు. మొదటి నుంచి చివరిదాకా రాతిమనిషి క్యారెక్టర్‌తోనే ఆడతాడు. ముసలమ్మ గొడుగు ఎప్పుడు విప్పుతుందో అతనికి తెలుసు. ఎప్పుడు వెనక్కి జరుగుతుందో తెలుసు. కంగారు పడితే నువ్వు రెండుసార్లు గెంతుతావని కూడా తెలుసు. ముసలమ్మని తీశావంటే పది నిమిషాల్లో నీ పని అయిపోతుంది. ఇంకెవరినైనా తియ్యి. ఎవరైనా సరే."

"నాకింకెవరూ రారే!"

"నేర్పిస్తానంటున్నాగా!"

"తొమ్మిదేళ్లు ఒక్కదాన్నే పట్టుకున్నా. అరగంటలో ఇంకొకర్ని ఎక్కణ్ణుంచి... ఆగు. ఎందుకేడుస్తున్నావు? కంగారుపడితే రెండుసార్లు గెంతుతానా? నాకే తెలీదే ఆ సంగతి."

"బాక్సర్‌ని తియ్యన్నయ్యా. దణ్ణం పెడతాను."

"వీడియోలు చూసి ఉంటాడు. చూడనీ. చూసినంత మాత్రాన వచ్చేస్తుందా? ముసలమ్మని ఎదురుగా పెట్టుకుని వందల సార్లు దెబ్బలు తినాలి. దాన్ని నాలాగా ఆడేవాళ్లు ఇంకెవరున్నారు లోకంలో? చెప్పు. చెప్పవే, ఎవరున్నారు?"

"నేనున్నాను. నెల రోజులుగా, నీతో ఆట అయ్యాక అతని దగ్గరికెళ్లి అచ్చం నీలాగే ఆడుతున్నాను, అతను గెలిచేదాకా."