పులిసిన క్యాబేజీ ప్రతాపం

టైలరుకి షుగరుందని డాక్టరమ్మ తేల్చి చెప్పి వారం కూడా కాలేదు. ఒకసారి మాత్రలు మొదలెడితే జన్మంతా తప్పవేమోనని అతని బెంగ. అందుకే టీకొట్టు బల్ల మీద కూర్చున్న బస్సు బాబాయి "మాత్రలా? నేనెప్పుడో మానేశాను" అనగానే దగ్గరికి జరిగాడు. బాబాయి బస్సు నడిపి నడిపి రిటైరైన మనిషి. బ్రేకులు ఆ బస్సుకే గానీ ఆయన నోటికి ఏనాడూ లేవు.

"ఏం లేదురా, మీ పిన్ని క్యాబేజీ తరిగి, ఉప్పు పట్టించి, గాజుసీసాలో పులియబెట్టింది. రోజూ అన్నంలోకి రెండు చెంచాలు. షుగరు కాస్త దిగింది."

"కాస్తేనా?" ఉసూరుమన్నాడు టైలరు.

ఆ మాటతో బాబాయి గేరు మార్చాడు. "కాస్తంటే నా లెక్కలో కాస్త! ఆ తర్వాత ఏమైందో తెలుసా? పరీక్ష చేస్తే మిషను సున్నా చూపించింది. డాక్టరమ్మ నా చేతులు పట్టుకుని, 'మీరిలా చేస్తే మేమెలా బతకాలండీ' అని బావురుమంది."

"సున్నా అయితే మనిషి బతుకుతాడా బాబాయ్?" అంది టీ కాచే అక్క.

"మామూలు మనిషైతే పోతాడు! నువ్వు విను ముందు. ఓ రోజు సీసా మూత తీసి కిటికీలో పెట్టానా, ఆ వాసన గాలికి అలా అలా వెళ్లి మిఠాయి కొట్లో దూరింది. అంతే, అద్దాల వెనకున్న మిఠాయిలన్నీ చప్పబడిపోయాయి! చీమలు వరసకట్టి ఊరొదిలి పోతుంటే నేనే ట్రాఫిక్ ఆపి రోడ్డు దాటించాను. ఇక చక్కెర ఫ్యాక్టరీ వాళ్లయితే కారేసుకొచ్చి కాళ్ల మీద పడ్డారు, 'మహానుభావా, ఆ మూత పెట్టెయ్యండి' అని!"

అందరూ పడీపడీ నవ్వారు, టైలరు తప్ప. చీమల సంగతి అతనూ నమ్మలేదు. కానీ ఇందులో పదోవంతు నిజమైనా చాలనుకున్నాడు. జేబులోంచి మాత్రల అట్ట తీసి చెత్తబుట్ట వైపు చెయ్యి చాపాడు.

"ఆగన్నా!" సైకిలు షాపతను ఆ చెయ్యి పట్టుకున్నాడు. "బాబాయ్, ఎర్రమూత సీసాయేనా?"

"అదేరా! నువ్వూ చూశావా?"

"చూడ్డమేంటి? మూత బిగుసుకుపోయిందట, పెట్టిన రోజు నుంచీ ఒక్కసారీ తెరవలేదట. పటకారుతో తీసిపెట్టమని పిన్ని పొద్దున్నే నాకిచ్చింది. ఇంకా ఊడిరాలేదు. డాక్టరమ్మ చెప్పింది కూడా మాత్రలతో పాటు అది కొంచెం తినమనేనట, పిన్నే చెప్పింది. మాత్రలు మానమని కాదు."

బాబాయి చూపు టైలరు చేతిలోని అట్ట మీద పడింది. "ముందు నువ్వా మాత్ర వేసుకోరా నాయనా" అన్నాడు మెల్లగా.

టైలరు నీళ్లడిగి మాత్ర మింగేదాకా చూసి, అప్పుడు బాబాయి గొంతు సవరించుకున్నాడు.

"చూశారా మరి! మూత తియ్యకుండానే ఇంత పని చేసిందంటే, తీస్తే ఇంకేమవుతుందో!"