గోడౌన్లో ఇంగ్లీషు పాఠం

ఆ గోడ మీద ఇంగ్లీషు ముక్కలు ఎవరు రాశారనేగా? కూర్చోండి మాస్టారూ, ఆ గోనెపట్టా మీద కూర్చోండి, మిరప ఘాటుకి తుమ్ములొస్తే తుమ్మండి, ఏం పర్లేదు. అది మీకంటే ముందు మీ బళ్లోనే పనిచేసినతను రాసిందిలెండి. క్రీస్తుదాసని, విద్యా వలంటీరు. రెండువేల ఒకటో రెండో, కల్లంలో ఎండబోసిన మిరపకాయ మీద వాన పడి సగం కాయ తెల్లబడిపోయిందే, ఆ ఏడు. మిమ్మల్ని మాస్టారూ అంటున్నాను గదా, అతన్ని ఒక్కనాడూ అనలా. ఏవయ్యా దాసూ, ఇట్రా దాసూ, అంతే. మా ఊరి అవతల పేటలో పుట్టినోడే, బీఏ చదివాడు. ఉన్నది రెండు చొక్కాలు, అయినా ఇస్త్రీ మడత నలిగేది కాదు. ఆ మడత చూస్తే నాకు ఒళ్లు మండేది. ఎందుకో తెలీదు. తెలుసులెండి, మీకూ తెలుసు.

మా అబ్బాయి కూతురు మాధవీలత అప్పుడు ఏడో తరగతి. ఏడుకి కామన్ పరీక్ష ఉండేది గదా, దానికి ఇంగ్లీషు ఓ పట్టాన ఎక్కేది కాదు. ట్యూషన్ చెప్పవయ్యా అన్నాను. సరేనన్నాడు. మరి ఎక్కడ చెప్పాలి? మా ఆవిడ వెంకాయమ్మ గడప లోపలికి రానివ్వదు. ఆవిడ మీద పెట్టేస్తున్నా గానీ, నేను మాత్రం రానిచ్చేవాణ్ణా? అందుకని ఈ గోడౌన్లో కూర్చోబెట్టా. మిరపకాయల మధ్యన, అదిగో ఆ మూల. ఇక్కడ కూర్చోబెట్టకపోతే ఇంత జరిగేదే కాదు.

పిల్ల తిప్పలు పడేదల్లా ఒక్కచోటే. మంచిది, అంతకంటే మంచిది, అన్నింట్లోకీ మంచిది, ఇవి చెప్పడానికి ఇంగ్లీషు వాడికి ఒక పద్ధతి లేదంట గదండీ. కొన్నింటికి వెనక తోక తగిలించాలంట, కొన్నింటికి ముందు మోస్టు పెట్టాలంట, ఇంకొన్ని అసలు రూపమే మార్చేస్తాయంట. బ్యాడు, వర్సు, వర్స్టు, ఒక తల్లి పిల్లల్లా ఉన్నాయా అవి? పిల్ల ఏడ్చేది. దాసు ఏం చేశాడూ, పుస్తకం పక్కన పెట్టి మూడు కాయలు తీసుకున్నాడు. “చూడమ్మా, ఈ కాయ బాలేదు. దీనికంటే ఇది బాలేదు. ఈ కుప్ప మొత్తంలోకీ అధ్వానం ఇది. వేరే కుప్పలో పడేస్తే ఇదే మంచిదవ్వొచ్చు. అందుకని ఆ మూడో మాట అనేముందు ఏ కుప్పలో అన్నది చూసుకోవాలి.” బొగ్గు తీసుకుని ఆ మూడు మాటలూ గోడ మీద రాశాడు. నేను ఆ తలుపు దగ్గర చుట్ట కాలుస్తూ వింటూనే ఉన్నా. బాగా చెప్తున్నాడే అనుకున్నా. పైకి అన్లేదు.

ఆ ఏడు కాయ తెల్లబడి తాలైపోయిన సంగతి చెప్పాను గదా. అంత తాలు ఎవడు కొంటాడు? గోతాం అడుగున తాలు తొక్కించి, మధ్యన ఒక మాదిరి కాయ, మూతి దగ్గర ఎర్రటి కాయ పోసి కుట్టించా. అందరూ చేసేదే, కొనేవాడు మూతి దగ్గర గుప్పెడు తీసి మచ్చు చూసుకుపోతాడు. పిల్ల ఇక్కడే ఆడుకుంటా అంతా చూసింది. ఆ సాయంత్రం గుంటూరు నుంచి మీరా హుస్సేన్ వచ్చాడు, కాయ కొనడానికి. పెద్దమనిషి. మూతి విప్పి మచ్చు చూసి, “కాయ బాగుంది బుల్లయ్యగారూ” అన్నాడు. సరిగ్గా అప్పుడే దాసు ఆ మూల నుంచి పిల్లకి పని చెప్పాడు. ఈ గోడౌను మొత్తంలోకీ అధ్వానమైన కాయ ఏదో తెచ్చి చూపించమ్మా అని. అతనికేం తెలుసు, నేలమీద రాలిన కాయ ఏదన్నా తెస్తదనుకున్నాడు. పిల్ల తిన్నగా వచ్చి, విప్పి ఉన్న ఆ గోతాంలోకి భుజం దాకా చెయ్యి పెట్టి, అడుగు నుంచి గుప్పెడు తెల్లకాయ తీసింది. తీసి పైకెత్తి పట్టుకుని “వర్స్టు సార్!” అంది. మొహం వెలిగిపోతోంది. మొదటిసారి తప్పు లేకుండా చెప్పింది గదా.

మీరా హుస్సేన్ గోతాం మూతి వదిలేశాడు. చేతులు దులుపుకుని వెళ్లి జీపెక్కాడు. తిట్టినా బాగుండేది.

నేను ఊరుకున్నానా? బడి కమిటీ ఛైర్మన్ని నేనే. తెల్లారి కమిటీ పిలిచి, నా మనవరాల్ని వాతలు తేలేట్టు కొట్టాడు, వీణ్ణి తీసెయ్యాలన్నా. హెడ్మాస్టరు పిల్లని అడిగాడు, నిజమేనా అమ్మా అని. నేను దాని వెనకాలే నిలబడ్డా, భుజం మీద చెయ్యేసి. ఊరికే వెయ్యలేదు, నొక్కి పట్టుకున్నా. పిల్ల తలూపింది. దాసు నావైపు చూడనైనా చూళ్లేదండీ. పిల్లవైపే చూసి, “పరీక్ష బాగా రాయమ్మా” అన్నాడు. వెళ్లిపోయాడు.

పిడుగురాళ్ల సున్నం బట్టీల్లో పనికి కుదిరాడంట. ఆ ఇస్త్రీ చొక్కాతో సున్నం బట్టీల్లో. నాలుగేళ్లు తిరక్కుండానే ఊపిరితిత్తులు పాడై చనిపోయాడని వాళ్లమ్మ చెప్పింది, మా చేలో కాయ కోస్తా కోస్తా. నేను విని, ఆ సాల్లో కాయ వదిలేశావు చూసుకో అన్నా. అంతే అన్నా. ఏం మనిషినండీ నేను.

ఏటా గోడౌనుకి సున్నం కొట్టిస్తా. ఆ గోడ జోలికి మాత్రం పోనివ్వను. ఆ గోతాం కాస్త పక్కకి జరపండి. ఇంకొంచెం. కనపడిందా, మూడో మాట, ఆ వర్స్టు కింద తెలుగులో? అది దాసు రాత కాదు. కమిటీ అయిన రోజు సాయంత్రం పిల్ల రాసింది, మాధవీలత అని, దాని పేరే. ఏ కుప్పలోనో చూసుకోలేదు, పిచ్చిది. నేనుండగా అక్కడ దాని పేరేంటండీ? ఆ బొగ్గు ముక్క ఇప్పటికీ ఆ గూట్లోనే ఉంది. ఎన్నోసార్లు చేతిలోకి తీసుకున్నా.

ఊఁ. ఆ గోతాం మళ్లీ అక్కడే పెట్టెయ్యండి. బళ్లో మంచినీళ్ల మోటరు బాగు చేశారా?