బొంత వెనక మరక

స్టాక్టన్‌లోని ఎర్నస్టీన్ ఇంటికి విలువ కట్టడానికి బ్యాంకు మనిషి పదింటికి వస్తానన్నాడు. పావుగంట ముందే వచ్చిన ఇళ్ల ఏజెంటు లూపె గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏంటండీ ఈ ఘుమఘుమ?"

"పీచ్ పళ్ల కేకమ్మా. బ్యాంకాయన వస్తున్నాడుగా! గోడలకి రంగు కూడా వేశాను."

"కొంప ముంచారు! ఇంటి మీదున్న బాకీ కన్నా తక్కువకి అమ్ముకోనిచ్చి, మిగతాది వదిలెయ్యమని మనమే బ్యాంకుని బతిమాలుతున్నాం. ఇల్లిలా మెరిసిపోతుంటే వాళ్లెందుకు ఒప్పుకుంటారు? కప్పు కారే చోటేది?"

"ఆ బొంత వెనక. అమ్మ కుట్టింది, అందంగా ఉంటుందని వేలాడదీశాను."

"తీసెయ్యండి."

"సిగ్గు కాదూ! ఇరవయ్యేళ్లుగా ఆ మరక చర్చివాళ్ల కంట కూడా పడనివ్వలేదు."

"బ్యాంకువాళ్లు కాదన్నారంటే ఇల్లు వేలానికి పోతుంది. ఉన్నదున్నట్టు చూపిద్దాం, అంతే."

"అయితే వంటింట్లో నేల కుంగింది, అదీ చూపించాలా?"

"అదీ!"

"స్నానాల గదిలో బూజు?"

"నాతో ఎప్పుడూ అనలేదేం?"

"నువ్వూ ఇంటికొచ్చిన మనిషివేగా!"

తలుపు గంట మోగింది. ఎర్నస్టీన్ ఒక్క గుంజుతో బొంత లాగేసి, నవ్వుతూ తలుపు తీసింది.

"రండి నాయనా! కేకు తర్వాత తిందురుగాని, ముందు మా బూజు చూద్దురు రండి!"