పొక్లెయిన్ను పడగొట్టిన గోదా

కూర్చోండి బాబూ, కూర్చోండి. సంపూర్ణమ్మా, ఈ పిల్లలకి కూడా టీ పొయ్యి. రేపు మీ కాలేజీలో ఆ కొత్త రిక్రియేషన్ సెంటరు ప్రారంభోత్సవమటగా, గేటుకి మావిడాకులు కట్టేస్తున్నారు. కేరమ్స్ అట, టేబుల్ టెన్నిస్ అట, గోడంత టీవీ అట. బాగుంది. కానీ ఆ టైల్స్ కింద ఏముండేదో మీలో ఒక్కరికైనా తెలుసా?

"పాత జిమ్ము హాలే కదండీ."

హాలంటే గోడలు సాయిరామ్, గోడలెవరైనా కడతారు. మధ్యలో గోదా ఉండేది. కుస్తీ పట్టే మట్టి. నా ఉద్యోగం అటెండరని కాగితమ్మీద రాసుందిగానీ, నేను ఆ మట్టికి అటెండర్ని. ఈ గున్నేశ్వరరావు ముప్పై ఒక్క ఏళ్లు, రోజూ తెల్లారకట్ల పార పుచ్చుకుని దాన్ని తిరగేశాడు. నువ్వులనూనె, పుల్లమజ్జిగ, పసుపు, వేపాకు పొడి కలిపి, పెళ్లికూతురికి నలుగు పెట్టినట్టు పెట్టేవాణ్ని. "మజ్జిగంతా మట్టిలో పోస్తే మజ్జిగపులుసు దేంతో పెట్టను?" అని మా ఆవిడ రాజరాజేశ్వరి నెత్తీ నోరూ బాదుకునేది.

సరే, మొన్న వేసవిలో ఇంజినీరుగారొచ్చి, ఈ గోదా తవ్వేసి టైల్స్ వేస్తామన్నారు. "ఆయ్, తవ్వుకోండి. అది లేస్తే కదా" అన్నాను. అంతే అన్నాను. గొప్పలు చెప్పుకోవడం నాకు మొదట్నుంచీ అలవాటు లేదు.

"అబ్బే, ఎక్కడిదండీ!"

నవ్వకు సంపూర్ణమ్మా, టీ మరిగిపోతోంది చూసుకో. పదిమంది కూలీలొచ్చారండి. గునపం దిగింది. దిగింది పైకి రాదే! ముప్పై ఏళ్లు పహిల్వాన్లని చూసిన మట్టి కదా, గునపం మెడ పట్టేసుకుంది. పదిమందీ లాగితే గునపం సాగి బల్లెమైంది. అప్పుడు పొక్లెయిను తెచ్చారు. తొట్టి వంచి ఇలా మట్టిలో పెట్టాడో లేదో, మట్టి దాని నడుం కింద చెయ్యేసి, ఒక్క విసురు! వెల్లకిలా పడింది, బొద్దింకలాగ. డ్రైవరు సత్తిరాజు పైనున్న వెంటిలేటరు పుచ్చుకుని వేలాడుతున్నాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసాండీ? పోలవరం పనుల్లో ఉన్న పెద్ద మిషన్ని గోదారిలో రెండు పంటు పడవలు కట్టి మరీ దింపించారు. అదీ వెల్లకిలే!

"పోలవరం నుంచా తాతగారూ!"

మరేంటనుకున్నావు పావనీ? ఇంజినీరుగారు నా రెండు చేతులూ పట్టుకున్నారు. "గున్నేశ్వరరావుగారూ, అది మీ మాటే వింటుంది" అన్నారు. నేను చొక్కా విప్పి ఇలా తొడగొట్టాను. ఆ చప్పుడుకి ధవళేశ్వరంలో బ్యారేజీ గేట్లు సైరననుకుని వాటంతటవే లేచిపోయాయి. ఇరిగేషనాఫీసు గుమాస్తాలు కేరేజీలు పుచ్చుకుని ఒకటే పరుగు. లాకుల దగ్గర చేపలు గట్టెక్కి నిలబడ్డాయి, ఏం జరుగుతోందో చూద్దామని.

అప్పుడు లేచిందండీ మట్టి. మనిషంత కాదు, హాలు కప్పంత. మూడ్రోజులు పట్టుకున్నాం. అది నన్ను ఎత్తుతుంది, నేను దాన్ని ఎత్తుతాను. ఒకసారి విసిరితే వెళ్లి అన్నవరం కొండకి తగిలింది, వ్రతంలో కూర్చున్న దంపతులంతా పీటల మీంచి లేచి చూశారు. అక్కణ్నుంచి మళ్లీ పరిగెత్తుకుంటూ నా మీదకే వచ్చిందండి. ఊరికే లొంగలేదు. చివరికి, నా కాళ్ల దగ్గర కూలబడి, "ఇంక నావల్ల కాదు గురువుగారూ, సెలవిప్పించండి" అంది. అప్పుడు మాత్రమే...

"బాబాయిగారూ."

ఎవరూ? మురళీకృష్ణా? రా నాయనా, సమయానికొచ్చావు. ఆ టైల్స్ వేసిన మేస్త్రి ఇతనేనండి, చిన్నప్పుడు నా గోదాలో దొర్లినవాడే. చెప్పు మురళీ, ఆ మట్టి తియ్యడానికి ఎన్నాళ్లు పట్టిందో వీళ్లకి చెప్పు.

"గంటన్నర పట్టిందండి."

ఎంతా?

"గంటన్నరండి. పొక్లెయినూ లేదు, ఏమీ లేదు. నేనూ, మట్టిపనికొచ్చే చిన్నమ్మాయి అనే ఆవిడా, రెండు పారలు. ఆవేళ మీరు ఊళ్లో లేరు కదండీ. పని ఆగిపోవాలని మొక్కుకుని అన్నవరం వెళ్లారు. వ్రతం చేయించుకుని మీరు తిరిగొచ్చేసరికి నేను కుళాయి దగ్గర పార కడుక్కుంటున్నాను. ఇంకా లోపలికి చూడలేదు మీరు. విస్తరాకులో ప్రసాదం తీసి నా చేతిలోనే పెట్టారు. అది తినలేకపోయానండి. మీరు రోజూ ఈ కథ చెబుతుంటే వినలేకపోతున్నాను. ఆ మట్టి తిరగబడుంటే బాగుండేదని నాకూ ఉందండి."

గంటన్నర.

నేను ఒక పూటైనా పట్టుంటుందనుకున్నాను మురళీ. ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదులే, అడగడానికి నోరు రాలేదు. మరి మెత్తగా ఉందా?

"వెన్నపూసలా ఉందండి."

రాయి తగిలిందా ఎక్కడైనా?

"ఒక్కటీ తగల్లేదండి."

తగల్దు. రోజూ ఏరేవాణ్ని, కందిపప్పులో రాళ్లు ఏరినట్టు. పడ్డ పిల్లాడికి దెబ్బ తగలకూడదు కదా. ఒక్క ఏడాది దాని మానాన దాన్ని వదిలేసుంటే గట్టిపడి, మీ పారలకి రెండ్రోజులైనా ఎదురు నిలిచేదేమో. నేనే మెత్తగా చేసి చేతికిచ్చాను. మజ్జిగ పోసి మరీ ఇచ్చాను. ఎక్కడ పోశారు దాన్ని?

"సైకిల్ స్టాండు పల్లంగా ఉంటే అందులో పోయించారండి. పైన సిమెంటు వేసేశాం."

అయితే రోజూ దాని మీంచే వస్తున్నానన్నమాట, చెప్పులతో.

సంపూర్ణమ్మా, నవ్వవేంటి? నవ్వు, పరవాలేదు. మీరూ నవ్వండి బాబూ. ఇదిగో, వెళ్లే ముందు ఒక్క మాట. ముప్పై ఒక్క ఏళ్లలో ఆ గోదాలో ఒక్క పిల్లాడికి ఎముక విరగలేదు. ఒక్కడికి కూడా. మురళీ, ఇది నువ్వు చెప్పు వీళ్లకి. నేను చెబితే నమ్మరు.